ఆరో కత్తి

సోమవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై ఒకటికి ఆర్డెల్ స్టాంపర్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, కొడుకు చేతిలో కత్తి ఉందని చెప్పింది. యాభై రెండుకి పోలీసు కారు వచ్చింది. యాభై నాలుగుకి కొడుకు ఓరిన్ ఒంట్లోకి రెండు తూటాలు దిగాయి. ఫోన్ చేసిన దగ్గర్నుంచి లెక్కేస్తే పదమూడు నిమిషాలు.

నా పేరు వాండా రెజెక్. వెస్ట్‌బ్రియర్ ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇన్వెస్టిగేటర్ని. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు నేనూ యూనిఫాం వేసుకున్నదాన్నే. ఇప్పుడు నా పని, పోలీసు ఎవరినైనా కాలిస్తే ఆ కాల్పులు సబబో కాదో తేల్చడం. అందుకే మా ఊరి పోలీసులెవరూ నన్ను భోజనానికి పిలవరు.

ఓరిన్ చచ్చిపోయాడనే మొదట అందరూ అనుకున్నారు. చావలేదు. హాస్పిటల్లో మంచానికి బేడీ వేసి పడుకోబెట్టారు. పోలీసు మీదికి కత్తితో వచ్చాడన్న కేసు బుధవారం సాయంత్రం నాలుగింటికి కోర్టులో దాఖలవుతుంది. చట్టం ప్రకారం దానికి పన్నెండేళ్ళు. ఐదేళ్ళుగా లేని గొంతులు వింటూ బతుకుతున్న ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు మా జైల్లో పన్నెండు వారాలు కూడా నిలవడని నా లెక్క. కేసంతా ఓరిన్ కుడిచేతి పక్కన దొరికిన ఒక్క కత్తి మీదే నిలబడి ఉంది. ఆ కత్తి సంగతి తేల్చడానికి నాకు బుధవారం ఒక్కటే మిగిలింది.

పొద్దున తొమ్మిదిన్నరకి హాస్పిటల్ వరండాలో ఆర్డెల్‌ని కలిశాను. స్కూల్ క్యాంటీన్లో వంట చేస్తుంది. యాభై దాటిన మనిషి. రెండు రోజులుగా ఆ కుర్చీలోనే ఉన్నట్టుంది, పని మీద వేసుకునే తెల్ల ఏప్రన్ కూడా ఇంకా విప్పలేదు. కత్తి ఫోటో చూపించాను. పొడవాటి కూరగాయల కత్తి, చెక్క పిడి, పిడి చుట్టూ పచ్చ టేపు.

"మాదే" అంది.

"సరిగ్గా చూసి చెప్పండమ్మా."

"చూశాను. మాదే."

కొడుకు చేతిలో ఆ కత్తి చూశారా అని అడిగితే, పోలీసు రాగానే తనని వెనక వరండాలోకి పంపేశాడని, కాల్పులు విన్నదే తప్ప ఏమీ చూడలేదని చెప్పింది. నేను ఇంకేం అడిగినా నేల వైపే చూసింది. పోలీసులంటే భయమనుకున్నాను. 'మాదే' అన్న మాట ఆవిడ నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో నోటుబుక్కులో రాసుకున్నాను కానీ, ఎందుకొచ్చిందని ఆలోచించలేదు.

పదకొండుంబావుకి వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమ్మంలో లెఫ్టినెంట్ ఫాల్కో నిలబడి ఉన్నాడు. కాల్చినవాడు ఆఫీసర్ లైల్ హెనెగర్. ఫాల్కో అతని పై అధికారి, యూనియన్‌లో కూడా పెద్ద తలకాయ. నేనూ ఫాల్కో ఒకే బ్యాచ్. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

"ఏం తల్లీ, మా వాడికి సంకెళ్ళు తెచ్చావా?" అన్నాడు.

"ముందు మీ వాడితో ఒక్క పది నిమిషాలు మాట్లాడనియ్యి. సంకెళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

"డెబ్బై రెండు గంటలు ఆగాలి. యూనియన్ ఒప్పందంలో ఉంది."

"కాల్చినవాడికి మూడు రోజుల గడువు, కాల్పించుకున్నవాడికి ఇవాళ నాలుగింటిదాకానా?"

"ఒప్పందం నేను రాయలేదు" అన్నాడు. పచ్చి అబద్ధం, అతనే రాశాడు.

మా ఊళ్ళో మూడేళ్ళుగా ఒక పద్ధతి నడుస్తోంది. మనసు చెదిరిన మనిషి ఉన్న ఇంటినుంచి ఫోన్ వస్తే పోలీసూ ఒక కౌన్సిలరూ ఒకే కారులో వెళ్తారు. పోలీసు తలుపు చూసుకుంటే, కౌన్సిలర్ మనిషిని చూసుకుంటుంది. ఫాల్కోకి మొదట్నుంచీ ఇది గిట్టదు. మొన్న ఏప్రిల్‌లో పట్టుబట్టి ఒక రూలు మార్పించాడు. ఫోన్‌లో ఆయుధం అన్న మాట వినపడితే కౌన్సిలర్ కారు దిగకూడదు. లోపల అంతా సర్దుకుందని పోలీసు రేడియోలో చెప్పాకే దిగాలి. సోమవారం హెనెగర్‌తో వచ్చిన కౌన్సిలర్ పేరు జోడీ లైబ్రాండ్. రూలు ప్రకారం ఐదు నిమిషాలు కారులోనే కూర్చుంది. ఆ ఐదు నిమిషాల్లోనే అంతా అయిపోయింది.

హెనెగర్ చొక్కాకున్న కెమెరాలో కిటికీలన్నీ మూసి చీకటిగా ఉన్న వసారా, ఓరిన్ నీడ, చేతిలో సన్నగా ఏదో మెరవడం, అంతే కనపడుతుంది. యాభై ఏడుకి కెమెరా ఆగింది. ఒంటిగంటకి మళ్ళీ మొదలైంది. అప్పటికి చేతి పక్కన కత్తి ఉంది. మధ్యలో మూడు నిమిషాలు లేవు.

"ఆ మూడు నిమిషాలు ఎవడు తిన్నాడు?" అని అడిగాను.

"కౌన్సిలర్ గదిలోకొస్తే కెమెరా ఆపాలి. రోగి మాటలు బయటికి పోకూడదట. అది ఆ కౌన్సిలర్ పిల్లలు పెట్టించిన రూలే."

"అప్పటికి రోగి నోట మాట వచ్చే స్థితిలో లేడు కదా."

"మూడేళ్ళుగా చేస్తున్న పని. జోడీ లోపలికొచ్చింది, వాడి చెయ్యి బటన్ మీదికెళ్ళింది. అలవాటుకి బుర్రతో పనేంటి?"

ఆ మాట నిజమే అనిపించి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వసారాలో నెత్తురు మరక తప్ప చూడటానికేమీ లేదు. వంటగదిలోకి వెళ్ళాను. ఫాల్కో వెనకే వచ్చాడు. గట్టు మీద కత్తులు గుచ్చి పెట్టుకునే చెక్క దిమ్మ ఉంది. ఆరు గాట్లు, ఆరూ ఖాళీ. టార్చి వేసి చూస్తే గాట్లలో దుమ్ము పేరుకుని ఉంది. సోమవారం అందులోంచి ఎవరూ ఏ కత్తీ లాగలేదు. సొరుగులో స్టీలు సామాను ఒక్కటీ లేదు. తెల్ల ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కుల ప్యాకెట్లు ఉన్నాయి. గిన్నె మీద మూత తీస్తే రెండు రోజుల నాటి కూర. అందులో బంగాళాదుంపల్ని చేత్తో చిదిమి వేసినట్టుంది. వంటే వృత్తిగా ఉన్న ఆడమనిషి తన ఇంట్లో దుంపలు చేత్తో చిదుముకుంటోంది. స్నానాల గదిలో రేజర్ లేదు, అద్దం లేదు.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఇంట్లోంచి తీసేసిన వస్తువుల జాబితా. కత్తులు ఆరు, బ్లేడ్లు, అద్దాలు, మాత్రల డబ్బాలు. తేదీ మార్చి పదకొండు. ఎవరి దగ్గర ఉన్నాయి అన్నచోట జె.ఎల్. అని రెండు అక్షరాలు. కింద ఆర్డెల్ సంతకం, జోడీ లైబ్రాండ్ సంతకం.

ఫాల్కో నా భుజం మీదుగా చదివాడు. అతని ముఖంలో వెటకారం ఆవిరైపోయింది.

"మార్చి నుంచీ ఈ ఇంట్లో కత్తి లేదు. మరి మీ వాడు చూసిన కత్తి ఎక్కణ్ణించి నడిచొచ్చింది?" అన్నాను.

"హెనెగర్ పెట్టాడంటావా?"

"ఆ పేరు నేననలేదు, నువ్వన్నావు."

"జాగ్రత్త వాండా. వాడికి ముగ్గురు పిల్లలు."

"ఆర్డెల్‌కి ఒక్కడే" అని కాగితాన్ని ఫోటో తీసుకుని బయటికొచ్చేశాను. నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ హెనెగరే పెట్టాడని నమ్ముతున్నాను.

రెండింటికి పోలీసు గరాజ్‌లో ఆ కారు రికార్డు తీయించాను. పద్నాలుగో నంబరు కారు. ఈ కొత్త కార్లలో తలుపు తీసినా డిక్కీ తీసినా టైము పడిపోతుంది. సోమవారం పన్నెండూ యాభై ఏడుకి కుడివైపు ముందు తలుపు తెరుచుకుంది. అది జోడీ దిగడం. యాభై ఎనిమిదికి డిక్కీ తెరుచుకుంది. హెనెగర్ అప్పటికి ఇంటి ముందు గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడని ఎదురింటామె స్టేట్‌మెంటులో ఉంది. అంటే డిక్కీ తీసింది అతను కాదు.

డిక్కీ తీయించి చూశాను. ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ పెట్టే చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన టేపు వేసిన అట్టపెట్టె. మీద స్టాంపర్ అని రాసుంది, టేపు ఒక వైపు చింపి ఉంది. లోపల అద్దాలు, బ్లేడ్లు, పాత టవల్లో చుట్టిన కత్తులు. కత్తులు లెక్కపెట్టాను. ఐదు.

జోడీ లైబ్రాండ్‌ని స్టేషన్‌లో ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టి ఉంచారు. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి, గోళ్ళు కొరికి కొరికి వేలి చివర్లు ఎర్రగా చేసుకుంది. తలుపు మూసి, ఆమె ఎదురుగా బల్ల మీద ఆ పెట్టె పెట్టాను. లాయరు కావాలా అని అడిగాను. వద్దంది. నువ్వు చెప్పేది నీ మీదికే వస్తుందని హెచ్చరించాను. తెలుసంది.

"యాభై ఎనిమిదికి డిక్కీ ఎందుకు తీశావు?"

"లైల్ హెనెగర్ ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ తెమ్మన్నాడు."

"బ్యాగ్ ఒక్కటే తెచ్చావా?"

ఆమె పెట్టె మీద చిరిగిన టేపు అంచుని వేలితో నొక్కింది. నేను తొందర పెట్టలేదు. గోడ గడియారం రెండూ నలభై చూపించింది.

"లేదు మేడమ్" అంది చివరికి.

తర్వాత నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయింది. ఫిబ్రవరిలో ఆర్డెల్ ఒక రోజు మూడుసార్లు ఫోన్ చేసిందట. కొడుకు తిండి మానేశాడు, గోడలతో పోట్లాడుతున్నాడు, ఎవరినైనా పంపమని. ఐదు గంటల తర్వాత పంపారు. అప్పటికి ఓరిన్ మంచులో చెప్పుల్లేకుండా రెండు మైళ్ళు నడిచిపోయాడు. ఆ రోజు జోడీ జాలిపడి ఆర్డెల్‌కి ఒక సలహా ఇచ్చింది. చేతిలో ఏదో ఉందని చెప్పండి, పది నిమిషాల్లో వచ్చేస్తాం, గుమ్మంలోకి ముందు వచ్చేది నేనే, భయపడకండి అని.

"ఏప్రిల్‌లో రూలు మారింది" అంది జోడీ. "ఆ మాటంటే నేను కారు దిగకూడదని వచ్చింది. నా దగ్గర ముప్ఫై ఒక్క కుటుంబాలున్నాయి మేడమ్. రూలు మారిందని ముప్ఫై మందికి చెప్పాను. ఆర్డెల్ గారికి చెప్పడం మర్చిపోయాను."

ఆ మాట అని రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టుకుంది. నాకు ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. రాలేదు.

"కత్తి ఎందుకు పెట్టావు? హెనెగర్‌ని కాపాడటానికా?"

"లైల్ గురించి ఆలోచన కూడా రాలేదు. లోపలికెళ్ళి ఓరిన్ మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను. నాడి దొరకలేదు. నేను నర్సుని కాదు. పోయాడనుకున్నాను. బ్యాగ్ కోసం కారు దగ్గరికి పరిగెత్తబోతుంటే వెనక వరండా జాలీ తలుపు అవతల్నించి ఆర్డెల్ గారు అడిగారు. వాడి చేతిలో కత్తి ఉంది కదా జోడీ, ఉందని చెప్పు, అని. లేని కత్తి ఉందని తనే చెప్పింది కదా. లేదని తేలితే, కొడుకుని తన మాటే చంపిందని బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. పోయినవాడికి కత్తి వల్ల నష్టం ఏముందిలే అనుకున్నాను. బ్యాగ్ పక్కనే పెట్టె ఉంది."

"ఒంటిగంటా ఒక నిమిషానికి అంబులెన్స్ వచ్చింది."

"బతికే ఉన్నాడని అరిచారు. కత్తి తీసేద్దామని చూస్తే అప్పటికే లైల్ కెమెరా మళ్ళీ ఆన్ చేసేశాడు."

రెండు రోజులు ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాను. ఇది బయటపడితే కార్లలో కౌన్సిలర్లే ఉండరని, మిగతా ముప్ఫై ఇళ్ళకి ఉత్త తుపాకీలే వెళ్తాయని భయపడిందట. అందులో అబద్ధం లేదు. కానీ మంచానికి బేడీ వేసి ఉన్నవాడికి ఆ నిజం ఏం లాభం?

"నిజంగా వాడి చేతిలో ఏముంది?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితం రుమాలులో చుట్టిన వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. తెల్ల ప్లాస్టిక్ ఫోర్కు. కత్తులు తీసుకెళ్ళిన రోజు ఆ ప్యాకెట్లు తనే కొని ఇచ్చిందట.

మూడూ పదికి స్టేట్‌మెంటు మీద సంతకం చేసింది. వెళ్ళబోతుంటే, ఆర్డెల్ గారికి కత్తి సంగతి మాత్రం చెప్పకుండా ఉండే దారుందా అని అడిగింది. లేదన్నాను. ఉద్యోగం, లైసెన్సు పోతాయని, జైలు కూడా పడొచ్చని ఆమెకి నేను గుర్తు చేయలేదు, ఆమె అడగలేదు.

మూడూ నలభై ఒకటికి ఆ కాగితం, ఫోర్కు, పెట్టె ప్రాసిక్యూటర్ బల్ల మీద ఉన్నాయి. ఆయన రెండుసార్లు చదివి, నాలుగింటి కేసు ఫైలు మూసేశాడు. ఓరిన్ మీద కేసు లేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లిఫ్టులో అద్దంలో నన్ను నేను చూసుకుని కాస్త మురిసిపోయాను కూడా.

పార్కింగ్‌లోకి రాగానే ఫాల్కో ఫోన్.

"అభినందనలు వాండా" అన్నాడు. "చీఫ్ ఇప్పుడే సంతకం చేశాడు. రేపట్నించి కౌన్సిలర్లు కార్లెక్కరు. పేషెంట్ల కత్తులు మా డిక్కీల్లో వేసుకు తిరిగేవాళ్ళని ఇంకెవడు ఎక్కించుకుంటాడు చెప్పు? మూడేళ్ళు నేను గొంతు చించుకున్నా అవ్వని పని నువ్వు ఒక్క పూటలో చేసిపెట్టావు."

"హెనెగర్ సంగతేంటి?"

"ఫోన్‌లో కత్తి అన్నారు. చీకట్లో చేతిలో ఏదో మెరిసింది. వాడి తప్పేముంది? సోమవారం డ్యూటీకి వస్తాడు. మళ్ళీ ఆ పేటకే."

ఫోన్ పెట్టేశాను. అయినా ఒక కుర్రాడు బయటపడ్డాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ హాస్పిటల్‌కి వెళ్ళాను. ఈ కబురు ఆర్డెల్‌కి నా నోటితో చెప్పాలనిపించింది.

ఐదింటికి నేను వెళ్ళేసరికి లోపల కాపలా పోలీసు ఓరిన్ చేతి బేడీ విప్పుతున్నాడు. ఆర్డెల్ గుమ్మంలో నిలబడి అది చూస్తోంది. ఆవిడ పక్కన నిలబడి, కేసు పెట్టడం లేదని చెప్పాను. కత్తి మీ వాడి చేతిలో లేదని, తర్వాత ఎవరో పెట్టారని తేలిందన్నాను. జోడీ కోరిక గుర్తొచ్చి ఆ ఎవరో పేరు చెప్పలేక నీళ్ళు నమిలాను.

"జోడీ పెట్టింది" అంది ఆర్డెల్.

నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"పచ్చ టేపు చుట్టింది నేనేనమ్మా. మార్చిలో దాని చేతికిచ్చింది నేనే. సోమవారం వరండాలోంచి లోపలికి రాగానే వాడి పక్కన చూశాను. నా కోసమే పెట్టిందని అప్పుడే తెలిసింది. మంచి పిల్ల."

"మరి పొద్దున నాకెందుకు చెప్పలేదు? వాడికి పన్నెండేళ్ళు పడేవి."

"పన్నెండేళ్ళ మాట తర్వాత. కేసు పడితే ముందు జడ్జి వాణ్ణి స్టేట్ హాస్పిటల్‌కి పంపేవాడు. జడ్జి పంపితే మంచం ఇవ్వక తప్పదు వాళ్ళకి. తలుపుకి తాళం వేసే చోటు. డాక్టరుండే చోటు." ఆవిడ గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి కూరలో ఏమేం వేయాలో చెప్పినట్టు చెప్పింది. "కేసు లేనివాళ్ళకి వెయిటింగ్ లిస్టే. పంతొమ్మిది నెలలుగా లిస్టులో ఉన్నాం. పోయిన నెల అడిగితే రెండు వందల పద్నాలుగో నంబరన్నారు. మొన్న వాడు బతికున్నాడని తెలిశాక, ఈ కుర్చీలో కూర్చుని ఆ కత్తి గురించే ఆలోచించాను. రెండు తూటాలు ఎలాగూ తిన్నాడు. వాటికి బదులుగా మంచమైనా దొరుకుతుందని."

ఇది నాకు తెలియని సంగతి కాదు. కేసుంటేనే మంచం దొరుకుతుందని మా ఆఫీసులో ప్యూను కూడా చెప్తాడు. అది తెలిసి ఒక తల్లి నోరు కట్టేసుకుని కూర్చుంటుందని మాత్రం తట్టలేదు. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలనని నాకు పేరు. 'మాదే' అని అంత తొందరగా ఎందుకన్నారని పొద్దునే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. సంతకాలయిపోయాయి. ఆ ఫైలు ఇక తెరవడానికి లేదు.

"మూడేళ్ళలో ఎనిమిదిసార్లు తీసుకొచ్చారు ఇక్కడికి" అంది. "ఎనిమిదిసార్లూ మూడు రోజులుంచి ఇంటికి పంపారు. ఇప్పుడు కుట్లు మానాక పంపుతారట. వచ్చే వారం."

లోపల ఓరిన్ కళ్ళు మూసుకునే పెదవులు కదుపుతున్నాడు, ఎవరికో జవాబు చెప్తున్నాడు. కాపలా పోలీసు బేడీ నడుముకి తగిలించుకుని, మా ఇద్దరి మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. ఇక కాపలా అక్కర్లేదు కదా. జోడీని రేపట్నించి పంపరని కూడా ఆవిడకి చెప్పాల్సింది. నోరు రాలేదు. కానీ ఆవిడ నా ముఖం చూసి ఎంతో కొంత గ్రహించినట్టే ఉంది.

"మళ్ళీ వాడికి అలా అవుతుంది. వచ్చే నెలో, ఆ పై నెలో. అప్పుడు నేను ఫోన్ చేయాలి కదా" అని, పొద్దున్నించి మొదటిసారి కళ్ళెత్తి నన్ను సూటిగా చూసింది. "ఏం చెప్పమంటారమ్మా?"

అడిగి, నిజంగానే నా జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.